పురుగు తిన్న అక్షరం

ఫంగావాయి, సవాయీ దీవి
1979 ఫిబ్రవరి 11

మాసినా అక్కకి,

మేమంతా బతికే ఉన్నాం. నువ్వూ ఉన్నావనుకునే రాస్తున్నాను. నాన్న పోయి నాలుగు నెలలైంది. ఆ పది రోజులూ ఉండి పడవెక్కావు, ఆ తరవాత నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. చచ్చినవాళ్ళ కాగితాలు చూసుకోవడానికే నీకు పొద్దు చాలనట్టుంది. బతికున్నవాళ్ళం మేమే ముందు రాయాలి కాబోలు.

సంగతేమిటంటే, నాన్న తరవాత మన వంశపు పదవి, సౌఫెతు పెద్దరికం ఎవరికన్న మాట పోయిన శనివారం ఎత్తారు. ఇంటివాళ్ళంతా వచ్చి కూర్చున్నారు. ఇరవై ఏళ్ళుగా నాన్న వెనక తిరిగినవాణ్ణి నేను. తోటలో చేమ నాటాను, ఊరి పనులకి ఆయన తరఫున చేపలూ పందులూ మోశాను, చివరి ఏడాది ఎత్తుకెళ్ళి స్నానం చేయించాను. నా పేరే అంటారని తల వంచుకుని కూర్చున్నాను. అంతలో ఫితీ గొంతు సవరించుకున్నాడు. లంగి నానమ్మ అన్నగారి మనవడు ఫితీయే, చిన్నప్పుడు నీ జడకి సీమపనస జిగురు పూసినవాడు.

"సకాలియా మంచివాడు, కష్టపడతాడు, నేను కాదనను. కష్టపడ్డవాళ్ళందరికీ పెద్దరికం ఇచ్చేటట్టయితే మా పందికీ ఇవ్వాలి. అదీ తెల్లారకుండానే లేస్తుంది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను. నవ్వులు అయ్యాక మెల్లిగా అసలు మాట అన్నాడు. "వీళ్ళ నాన్న తావితా లంగి కన్న కొడుకు కాదు. జ్వరం ఏడాది దొరికిన బిడ్డ. మా తాత చెప్పాడు. ఆయన బతికుండగా అడగడం మర్యాద కాదని ఇన్నాళ్ళూ ఎవరం అడగలేదు. అప్పటి పాస్టర్ ఎసెరా డైరీలు ఉన్నాయిగా, చూసుకోండి."

నీకు తెలియంది కాదు, పెద్దరికం ఎవరిదో ఈ ఇల్లూ తోటా వాళ్ళవి. నాకు నలభై రెండేళ్ళు. ఈ కప్పు కింద తప్ప నేను ఇంకెక్కడా నిద్రపోయి ఎరగను. నానమ్మ రక్తమైతే నేను ఇక్కడివాణ్ణి. కాకపోతే ఎవణ్ణో నాకే తెలీదు.

జూన్ నెలాఖరుకి పదవుల కోర్టు ఈ తగువు వింటుందట. ఎసెరా గారి పెట్టెలు ఆయన పిల్లలు మీ కాలేజీకే ఇచ్చారు. అంటే నీ చేతికే. జ్వరం ఏడాది, 1918 డైరీ తీసి, నాన్న లంగి కన్న కొడుకే అన్న ముక్క ఎక్కడుందో చూసి, నకలు రాసి, ముద్ర వేసి పంపు. ఉంటుంది. ఉండక ఎక్కడికి పోతుంది.

నీ తమ్ముడు,
సకాలియా


కాలేజీ గ్రంథాలయం, ఆపియా
మార్చి 2

సకాలియాకి,

నీ ఉత్తరం వచ్చిన రోజున ఇక్కడ వాన. పాత కాగితాల గది వెనకవైపు ఉంటుంది, కిటికీకి ఆనుకుని దేవగన్నేరు చెట్టు. వాన పడితే గదంతా ఆకుపచ్చగా మసకేస్తుంది, నీళ్ళ అడుగున కూర్చున్నట్టుంటుంది. అలాంటప్పుడు ఎవరూ రారు. నేనూ, బల్లులూ, పెట్టెల్లో ఉన్నవాళ్ళూ. నాన్న పోయినప్పటినుంచి నాకు ఆ గది వదిలి బయటికి రావాలనిపించడం లేదు. ఉత్తరం రాయకపోవడానికి కారణం అంతే, తమ్ముడూ. కోపం లేదు, మరుపూ లేదు.

ఎసెరా గారి పెట్టెలు రెండు. మూడేళ్ళ కిందట వచ్చాయి, నేనే తాళ్ళు విప్పి అల్మరాలో పెట్టాను, జాబితా మాత్రం ఇంకా రాయలేదు. డైరీలు పద్నాలుగు. నల్ల అట్టలు, వేలికి పొడి రాలుతుంది. ప్రసంగాలు ఒక కట్ట. అడుగున గుడ్డలో చుట్టిన మూట ఒకటి, పైన 'లేపేకా' అని ఉంది, పాస్టర్ గారి భార్య పేరు. దాని జోలికి ఇంకా పోలేదు.

నేను ఆ అల్మరా ముందునుంచి పోయేటప్పుడు నడుము వంచి "తులౌ" అనుకుంటూ పోతాను, పెద్దలు కూర్చున్న చోట దాటుతున్నట్టు. కొత్తగా చేరిన అమ్మాయి చూసి నవ్వింది. నవ్వనీ. మనవాళ్ళ మాటలు ఉన్నాయి అందులో, నిలబడి తలమీదుగా ఎలా పోతాను.

డైరీ 1911లో మొదలవుతుంది. నేను అక్కణ్ణుంచే చదువుతున్నాను. నీకు కావలసిన పేజీకి నేరుగా వెళ్ళచ్చు, కానీ పరాయి ఇంట్లోకి వెళ్ళి పలకరించకుండా వంటగదిలో చెయ్యి పెట్టినట్టుంటుంది. పాస్టర్ గారు ప్రతి రోజూ గాలి ఎటునుంచి వీచిందో రాశారు. మన ఊళ్ళో 1912 మే నెలలో పదిహేను రోజులు ఉత్తరపు గాలి వీచిందట. అది చదువుతూ మధ్యాహ్నం కునుకు పట్టింది. నాన్న గడప మెట్టు మీద కూర్చుని, తలకి నూనె రాయమని అడుగుతున్నాడు. లేచేసరికి నా చేతులు జిడ్డుగా ఉన్నాయేమోనని చూసుకున్నాను.

వెతుకుతాను. దిగులుపడకు.

మాసినా


ఫంగావాయి
మార్చి 13

అక్కా,

1912లో గాలి ఎటు వీస్తే ఏం? ఇప్పుడు వీచే గాలి చూడు. ఫితీ ఇంటింటికీ తిరిగి ఆవ వేరు పానీయం తాగుతున్నాడు, తాగినచోటల్లా ఇదే మాట. మొన్న నా వల తెగితే, "దొరికినవి అలాగే జారిపోతాయిలే" అన్నాడు. చేతిలో గడ్డపార ఉండి కూడా ఊరుకున్నాను చూడు, నా ఓర్పు.

సాలోతే అత్తని అడిగాను. నానమ్మ కన్నవాళ్ళలో మిగిలింది ఆవిడొక్కతే, ఏదైనా విని ఉంటుందని. "అత్తా, నాన్న నానమ్మ కడుపున పుట్టినవాడే కదా?" అంటే, "పొయ్యిమీద సీమపనస మాడుతోందేమో చూడు" అంది. రెండోసారి అడిగితే అదే. పొయ్యిలో నిప్పే లేదు. మనిషికి అరవై నిండలేదు, మతి పోయే వయసు కాదు. ఆవిడ జ్వరం తరవాత మూడేళ్ళకి పుట్టింది కాబట్టి ఏమీ తెలియకపోవచ్చు అనుకుని లేచి వచ్చేశాను.

నువ్వు ఇంటి ఆడపడుచువి. నీ మాట దాటకూడదని నాన్న నాకు నడక రాకముందే నేర్పాడు, ఇంతవరకూ దాటలేదు. ఫితీ కూడా దాటలేడు, ఆ కట్టుబాటు వాడికీ ఉంది, వాడికీ అక్కచెల్లెళ్ళున్నారు. నువ్వు సంతకం పెట్టిన కాగితం వస్తే ఈ గోల అణుగుతుంది. 1918 తియ్యి. మిగతా ఏళ్ళు తరవాత తీరిగ్గా చదువుకో.

సకాలియా


కాలేజీ గ్రంథాలయం, ఆపియా
ఏప్రిల్ 3

తమ్ముడూ,

1918 తీశాను.

అక్టోబరు దాకా అదే గాలి, అవే ప్రార్థనలు. నవంబరులో ఓడ వచ్చిందన్న కబురు, వారానికల్లా మన తీరానికి జ్వరం. అక్కణ్ణుంచి గాలి గురించి రాయడం మానేశారు. పేజీకి నాలుగు పేర్లు, ఐదు పేర్లు, ఒక రోజు పదకొండు. చేతిరాత పక్కకి ఒరిగిపోయింది, ఆయనకీ జ్వరమేనేమో. గంట కొట్టేవాడు పోయాడని గంట కొట్టడం ఆపేశారట. ఆ మాట చదివాక బయట కాలేజీ గంట మోగింది.

నవంబరు 21, గురువారం. ఆ రోజు కింద ఒక్కటే వాక్యం. 'ఈ రోజు పాతిపెట్టాను', తరవాత మూడు మాటలు.

నీకు తెలియనిదేం కాదు, అయినా రాస్తున్నాను, రాస్తే నాకే తేలుతుందేమోనని. మన భాషలో 'తమ' అంటే బిడ్డ. చివర సాగదీసి 'తమా' అంటే నాన్న. పాత రోజుల్లో ఎవరూ రాతలో సాగు గుర్తు పెట్టలేదు, చదివేవాళ్ళు మనవాళ్ళేగా, తెలుస్తుందిలే అని. మధ్యలో ఉండే ఒంటి అక్షరమే తేల్చాలి. 'తమ అ లంగి' అని ఉంటే లంగి బిడ్డ. 'తమా ఒ లంగి' అని ఉంటే లంగి నాన్న. మనం రాసే ఇంగ్లీషు అక్షరాల్లో 'ఒ' (o) అంటే ఉట్టి గుండ్రం. 'అ' (a) అంటే అదే గుండ్రం, కుడిపక్కన చిన్న తోక.

గుండ్రం ఉంది. కుడిపక్కన తోక ఉండాల్సిన చోట చిల్లు. కాగితం తినే పురుగు సరిగ్గా అక్కడ తినేసింది. ఆవగింజంత చిల్లు, అందులోంచి కింది పేజీ కనబడుతోంది. భూతద్దం పెట్టి చూశాను, వెలుతురుకి ఎత్తి చూశాను. తోక ఉండేదో లేదో చెప్పలేను.

నానమ్మ వాళ్ళ నాన్న ఆ జ్వరంలోనే పోయాడని విన్నాం. ఏ రోజో ఎవరికీ తెలీదు. ఆ గురువారం మట్టిలోకి వెళ్ళింది ఆ ముసలాయనైతే నీకు గొడవే లేదు. బిడ్డయితే, నానమ్మకి ఆనాటికి ఉన్నది ఒక్క బిడ్డే, తమ్ముడూ. పది నెలల తావితా.

మధ్యాహ్నం ఆ పేజీ మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. కాగితం వెచ్చగా ఉంది. ఎండకో, నా చేతికో.

మాసినా


ఫంగావాయి
ఏప్రిల్ 14

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నాను, ఒకసారి నా భార్యతో, రెండుసార్లు నాతో నేనే. ఎందుకంత దిగులుగా రాశావో అర్థం కాలేదు. గుండ్రం ఉందన్నావు. తోక లేదన్నావు. తోక లేని గుండ్రాన్ని బళ్ళో మనకి ఏమని నేర్పారు? 'ఒ' అని. అయిపోయింది. ముసలాయన్ని పాతిపెట్టారు, నాన్న బతికాడు, ఫితీ నోరు మూసుకోవాలి.

నిన్ను అబద్ధం రాయమనడం లేదు. కనబడింది కనబడినట్టు రాయి. చిల్లు సంగతి కోర్టువాళ్ళు అడిగితే చెప్పు. అడక్కపోతే చిల్లు గురించి ఎవరు పట్టించుకుంటారు. ఆ పురుగుకి నేను ఒక పందిని కోసి పెడతాను, ఎక్కడుందో చెప్పు.

నిన్న మొదటిసారి ఆకలేసి తిన్నాను. తోటలో కొత్త పిలకలు వేశాను. వచ్చే ఏడాది అవి తవ్వేదెవరన్న ఆలోచన రాకుండా వేశాను, ఈ రెండు నెలల్లో ఇదే మొదటిసారి. ఆ నిశ్చింత నువ్వే ఇచ్చావు. తొందరగా పంపు.

సకాలియా


కాలేజీ గ్రంథాలయం, ఆపియా
మే 5

సకాలియాకి,

నకలు పంపుతున్నాను. సంతకం ఉంది, ముద్ర ఉంది. ఆ అక్షరం దగ్గర గుండ్రం గీసి, పక్కన చిల్లు ఎంత ఉందో అంతే చుక్కలతో గీశాను. 'ఇక్కడ పురుగు తిన్నది, అక్షరం నిర్ధారించలేం' అని అంచున రాశాను. నా పని అంతవరకే.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. ఒంట్లో బాగుండటం లేదు. ఎక్కువ రాయలేను.

మాసినా


ఫంగావాయి
మే 14

అక్కకి,

అందింది.

నీ చుక్కలు చూశాను. చాలా చక్కగా గీశావు. చిన్నప్పుడు చాపకి అంచు అల్లినప్పుడు కూడా అంతే, ఒక్క పోగు తప్పేది కాదు.

ఆ చిల్లు చూసి కోర్టువాళ్ళు ఏమంటారో నాకు తెలుసు, నీకూ తెలుసు. ఫితీ వైపు ఐదు కుటుంబాలున్నాయి. నాకున్నది నువ్వు. ఉన్నావనుకున్నాను.

ఇంకోటి. 'ఎక్కువ రాయలేను' అన్నావు. చిన్నప్పటినుంచి నువ్వు ఏదైనా దాచినప్పుడే తక్కువ మాట్లాడతావు. ఏం దాస్తున్నావో నేను అడగను.

సకాలియా


కాలేజీ గ్రంథాలయం, ఆపియా
మే 27

తమ్ముడూ,

అడగనన్నావు కాబట్టి చెప్తాను.

ముందు చిన్న విషయం. నానమ్మ వాళ్ళ నాన్న ఆనాటి సౌఫెతు. పాస్టర్ ఎసెరా ఆ పద్నాలుగు డైరీల్లో ఒక్క పెద్దని కూడా 'ఫలానా ఆమె నాన్న' అని రాయలేదు. పదవి పేరుతోనే రాశారు, చనిపోయినా, తాగి పడిపోయినా. మనూళ్ళో ఎవరూ అలా రాయరు. ఒక పెద్ద పోతే 'లంగి నాన్న పోయాడు' అని ఎవరంటారు? అది నాకు ఏప్రిల్లోనే తట్టింది. నీకూ తట్టి ఉంటుంది. ఇద్దరం తట్టనట్టు ఊరుకున్నాం.

ఇప్పుడు అసలుది. నీకు గుండ్రం గురించి రాసిన మర్నాడే లేపేకా గారి మూట విప్పాను. కుట్టుపని నమూనాలు, ఎండిన ఆకులు, పిల్లల పుట్టువెంట్రుకలు. వాటి మధ్య ఒక ఉత్తరం. పుట్టింటి చెల్లెలికి రాసింది. పడవలు ఆగిపోయిన రోజులు, పంపడం కుదరలేదేమో, తరవాత పంపాలనిపించలేదేమో. ఆమె మాటలే రాస్తున్నాను.

'బుధవారం లంగి బిడ్డ పోయాడు. కట్టడానికి బట్ట లేక నా లోపావడా చింపి చుట్టాను. గురువారం మా ఆయన ఒక్కడే గుంట తవ్వాడు. శనివారం పైదారిలో ఒక ఆడమనిషి పోయి ఉంది. పక్కన మగపిల్లవాడు, ఇంకా చీకుతూనే ఉన్నాడు. ఆమె ఎవరో చెప్పగలిగినవాళ్ళంతా పడకల మీద ఉన్నారు. లంగికి పాలు గడ్డకట్టి ఒళ్ళు కాలిపోతోంది. అడగలేదు, పిల్లవాణ్ణి తీసుకెళ్ళి పక్కలో పెట్టేశాను. మూడు రోజులు సముద్రం వైపు మొహం తిప్పుకుని పాలిచ్చింది, ఒక్కసారి కిందికి చూడలేదు. నాలుగో రోజు వాడికి పొలమారింది. లంగి వీపు నిమిరి "తావితా, తావితా" అంది. పోయినవాడి పేరు. నేనూ మా ఆయనా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. బాప్తిస్మం పుస్తకంలో తావితా పేరు ఉంది. ఆయన దాన్ని కొట్టెయ్యలేదు. నేను తప్పు చేశానా, చెల్లీ? పాలు ఆగక నొప్పి, ఆకలి ఆగక ఏడుపు, రెండూ నా చెవిలో పడుతుంటే నాకు ఇంకేం తోచలేదు.'

ఇది ఏడు వారాలు నా బల్లమీద అద్దుడు కాగితం కింద ఉంది. దానికి నంబరు వెయ్యలేదు. మా దగ్గర పద్ధతి అది, నంబరు వేస్తే జాబితాలోకి ఎక్కుతుంది, ఎవరడిగినా తీసి చూపించాలి. వెయ్యకపోతే అది లేనట్టే. రోజూ పొద్దున్న వచ్చి, అది అక్కడ ఉందని చూసి, పైన వేరే కాగితాలు పెట్టేదాన్ని. నా తమ్ముడి ఇల్లు ఆ అద్దుడు కాగితం కింద ఉంది అనుకునేదాన్ని.

మధ్యాహ్నాలు మగత కమ్మితే లేపేకా గారు వచ్చేవారు. తడి కాళ్ళతో గడప దగ్గర నిలబడి, లోపలికి రమ్మంటారా అన్నట్టు చూసేవారు. ఆవిడ ప్రశ్నకి అరవై ఏళ్ళుగా ఎవరూ జవాబివ్వలేదు. నేను ఆ ఉత్తరం దాస్తే ఇంకెవరూ ఇవ్వరు. ఆ పది నెలల పిల్లవాడు కూడా ఒక్క గుండ్రం పక్కన చిల్లులోనే ఉండిపోతాడు.

ఈ పొద్దున నంబరు వేశాను. వేశాకే నీకు రాస్తున్నాను. ముందు రాస్తే నువ్వు వద్దనేవాడివి, నేను ఆగిపోయేదాన్ని. నకలు ఇందులో ఉంది. కోర్టుకి నేను పంపను, వాళ్ళు అడిగితే మాత్రం చూపిస్తాను. నీకు కోపం వస్తుంది. రావాలి. నీ ఇంటి మీద నా చెయ్యి పడింది, నాకు తెలుసు. నాన్న నాన్నే, సకాలియా, అది ఏ కాగితమూ మార్చలేదు. కానీ ఆ మాట ఇప్పుడు నీకు అక్కరకి రాదని కూడా తెలుసు.

మాసినా


కాలేజీ గ్రంథాలయం, ఆపియా
జూలై 3

సకాలియాకి,

నీ దగ్గర్నుంచి ఏమీ లేదు. విచారణ రోజు కూడా దాటిపోయింది. ఇక్కడ ఎవర్నీ అడగలేదు. పడవ వచ్చే రోజు రేవుకి వెళ్ళి నిలబడి వస్తున్నాను, మనూరివాళ్ళు దిగితే మొహం చూసి తెలుసుకుందామని. ఎవరూ దిగలేదు.

నేను రాసినది వెనక్కి తీసుకోను. నువ్వు తిట్టినా రాయి.

మాసినా


ఫంగావాయి
జూలై 19

మాసినా అక్కకి,

తిట్టాను. కాగితం మీద కాదు, తోటలో, చేమ దుబ్బుల్ని. నాలుగు రోజులు తిట్టాను. ఐదో రోజు ఆ నకలు పట్టుకుని సాలోతే అత్త దగ్గరికెళ్ళాను. చదివి వినిపించాను. లోపావడా అన్న చోట అత్త చాప అల్లడం ఆపింది.

"తెలుసురా" అంది. "మా అమ్మ పోయే ముందు చెప్పింది. నీకు ఇద్దరన్నలు, ఒకడు మట్టిలో ఉన్నాడు, ఇంకొకడు అదుగో తింటున్నాడు, ఎవడు అసలువాడని మాత్రం నన్ను అడగొద్దు అంది. నేను అడగలేదు."

"మరి నేను అడిగితే ఎందుకు చెప్పలేదత్తా?"

"నువ్వు పెద్దరికం గురించి అడిగావు. మా అన్న గురించి ఎప్పుడడిగావు?"

నాన్నకి తెలుసా అన్నాను. అత్త నన్ను మొద్దుని చూసినట్టు చూసింది. "పద్నాలుగేళ్ళప్పుడే చెప్పింది వాడికి. ఇంటి వెనక మొగలి పొద పక్కన తెల్ల గులకరాళ్ళు ప్రతి శనివారం కడిగి మళ్ళీ పరిచేవాడు, ఎందుకనుకున్నారు?"

నీళ్ళు నిలవకుండా అనుకున్నాం, అక్కా. గుర్తుందా, నువ్వు ఒకసారి వాటితో ఆడుకుంటుంటే నాన్న కోప్పడ్డాడు. ఆయన నిన్ను కోప్పడింది జన్మలో అదొక్కసారే.

విచారణకి పది రోజుల ముందు ఇంటివాళ్ళందర్నీ కూర్చోబెట్టాను. లేపేకా గారి ఉత్తరం నేనే చదివాను. చివరిదాకా చదివి, నా పేరు వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. ఫితీ దగ్గర ఉన్నది తాత మాట ఒక్కటే, రుజువు వాడి చేతికి ఇచ్చింది నేను. అత్త లేచి, రాళ్ళ సంగతీ చెప్పి, లంగి కూతురిగా నేను సకాలియాని నిలబెడతాను అంది. దత్తు వచ్చినవాళ్ళు కూడా పెద్దలైన ఇళ్ళు ఉన్నాయి కదా అంది. నేనే వద్దన్నాను. రక్తం, రక్తం అని నాలుగు నెలలు అరిచినవాణ్ణి నేను. అది లేదని తేలాక ఇంకో తలుపు తట్టడానికి నాకే సిగ్గేసింది. కోర్టుకి వెళ్ళే పని లేకపోయింది. ఫితీని సౌఫెతు అన్నారు. ఆవ పంచారు. మొదటి చిప్ప వాడికి అందించింది నేనే. ఇది నీకు కాక ఎవరికి చెప్పుకుంటాను.

నీ మీద కోపం ఎప్పుడు పోయిందో సరిగ్గా తెలీదు. ఆ ఉత్తరం బిగ్గరగా చదువుతున్నప్పుడు కాబోలు. 'నేను తప్పు చేశానా, చెల్లీ' అన్న దగ్గర వెనక వరసల్లో ముసలమ్మలందరూ ఒకేసారి లేదు, లేదు అన్నారు. ఎవరూ చెప్పి అనిపించలేదు. ఆ గదిలో ఆవిడ మళ్ళీ వస్తే ఈ మాట చెప్పు.

తరవాత ఇల్లు ఖాళీ చేయడానికి మూటలు కట్టాం. నా భార్య పుట్టింటికి వెళ్ళిపోదామని. చాపలు చుట్టాం, గిన్నెలు సర్దాం, నాన్న దుడ్డుకర్ర విడిగా కట్టాను. సోమవారం పొద్దున్న ఫితీ వచ్చాడు. మెట్టు మీద కూర్చుని మూటల్ని లెక్కపెడుతున్నట్టు చూశాడు.

"ఎక్కడికి ప్రయాణం?" అన్నాడు.

"ఇల్లు మీది కదా, సౌఫెతు గారూ" అన్నాను.

"ఆ పేరు నీ గొంతులో ముల్లులా ఇరుక్కుంటోంది. కొన్నాళ్ళు సాధన చెయ్యి" అన్నాడు. ఒక మూట ముడి లాగి చూశాడు. "మరి వెనక ఆ రాళ్ళు ఎవరు కడుగుతారు? నాకు నడుం నొప్పి."

"మీ అబ్బాయిలున్నారుగా."

"వాళ్ళకేం తెలుసు, ఏ రాయి ఎటు పెట్టాలో. నీకు తెలుసు." ఈసారి నవ్వించడానికి అనలేదు. ఇంటి వెనక్కి చూస్తూ అన్నాడు, "ఆ రాళ్ళ కింద ఉన్నవాడు మా తాత చెల్లెలి కొడుకు. మా రక్తం. అరవై ఏళ్ళలో మావాడు ఒక్కడూ ఆ రాళ్ళు ముట్టుకోలేదు. మీ నాన్న ముట్టుకున్నాడు. ప్రతి శనివారం."

లేచి వెళ్ళిపోతూ, "పెద్దని నేను. చెప్పాను. వినాలి" అన్నాడు.

నేను లోపలికి వెళ్ళి మూటలు విప్పెయ్యమని చెప్పాను, అక్కా.

నీ తమ్ముడు,
సకాలియా